తెరమీది బిలియర్డ్సు ఆట

బిలియర్డ్సు ఆటను గూర్చి గృహిణులు చదువు పత్రికలో వ్రాయుటేమని కొందరు సోదరీమణులకు తోపవచ్చును. ఆ ఆట మనది కాదు. ఆ బల్ల మన వసారాలో పట్టదు. పట్టినను దాని వెలతో ఒక పిల్ల పెండ్లి జరిగిపోవును. అయినను మన దేవుని గూటిలోని కర్పూరపు డబ్బాకును, ఆ ఆటకును, మనము చూచు సినీమాకును దగ్గరి చుట్టరికమున్నదని ఎరిగిన పిమ్మట మాకు ఊరకుండ బుద్ధి పుట్టలేదు. అదియుగాక ఇటీవల మా ఇంట ఈ ఆటను గూర్చియే ఒక తగవు వచ్చినది. దాని మాట తరువాత చెప్పెదము.

మా పుట్టినిల్లు బోధను దగ్గరి పల్లె. బోధనే భారతములోని ఏకచక్రపురమని మా వైపువారి నమ్మకము. బకాసురుడు బండెడన్నము తినిన చోటనే బండ్లకొలది చెరుకును మ్రింగు కర్మాగారము వెలసినదని మా తాతగారు పరిహాసమాడెడివారు. మంజీర మీద నిజాంసాగరు కట్టిన తరువాత చెరుకు వచ్చినది; చెరుకు వెంట 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినది; దాని చుట్టు శక్కర్‌నగరు పెరిగినది. 2015 డిసెంబరులో అది మూతపడువరకును చెరుకాడు దినములు వచ్చినవనగా ఊరి గాలియే తియ్యనై ముక్కుకు తగిలెడిది. మా మేనమామగారు చెరుకు కాటాయొద్ద గుమాస్తా. ఆ చుట్టుపట్ల అధికారుల క్లబ్బొకటి ఉండెను. దాని పేరు మనకక్కరలేదు. అందులో పచ్చ బనాతు పరచిన పెద్ద బల్ల కలదనియు, దీపములన్నియు బల్లమీదికే వ్రేలాడుననియు, ఆడువారి ముఖములు చీకటిలో నుండి చేతులు మాత్రమే వెలుగులో కానవచ్చుననియు ఆయన చెప్పగా వింటిమి. ఇచట ‘ఆడువారు’ అనగా ఆట ఆడెడివారు సుమండీ! స్త్రీలకు అందు ప్రవేశము లేదు. గోడవెంట నడచిపోవునప్పుడు బంతికి బంతి తగిలిన చప్పుడు మాత్రము మాకు వినబడెడిది.

హైదరాబాదులోని ఫలక్‌నుమా భవనమున ఇట్టి బల్ల నేటికిని కలదు. 1884లో పైగా వంశీయుడైన వికారుల్ ఉమ్రా ఆ భవనమునకు పునాది వేయించెను. పిమ్మట అది ఆరవ నిజాముగారి వశమైనది. 2010 నుండి హోటలుగా నున్నది. అచటి బల్ల ఇంగ్లండులోని బరోస్ అండ్ వాట్స్ కంపెనీవారు చేసినది. దానికి జోడు బల్ల లండనులో రాజుగారి కోటలో నున్నదని చూపువారు చెప్పుచుందురు. అది ఎంతవరకు నిజమో కాని, పలక రాతిమీద బనాతు బిగించి, నిండ పండ్రెండడుగుల పొడవున, ఎలుగుబంటి కాళ్లవంటి కాళ్లతో నిలిచిన ఆ బల్లను చూచినచో ఇది ఆటవస్తువా, సింహాసనమా అని సందేహము కలుగును.

ఆట తెలియని సోదరీమణులకొరకు రెండు మాటలు. బిలియర్డ్సునకు మూడే బంతులు: పూర్వము తెల్లవి రెండు, ఎర్రది ఒకటి. క్యూ అను పొడవైన కర్ర కొనతో తన బంతిని కొట్టి అది తక్కిన రెండింటిని తాకునట్లు చేయుటయో, బల్ల అంచుననున్న ఆరు సంచులలో ఒకదానిలో బంతిని పడవేయుటయో చేయవలెను. స్నూకరు దీని చెల్లెలు. ఎర్రవి పదునైదు, రంగు రంగులవి ఆరు, కొట్టు తెల్లది ఒకటి, మొత్తము 22 బంతులు. ఈ స్నూకరు పుట్టినది మన దేశముననే. 1875లో జబ్బల్‌పూరు దండులో వానకాలపు సాయంకాలములు గడువక నెవిల్ చేంబర్లేన్ అను చిన్న దొర దీనిని కల్పించెను. (తరువాతికాలమున ఇంగ్లండు ప్రధానియైన చేంబర్లేను వేరు.) 1882లో ఊటీ క్లబ్బు గోడమీద దీని నియమములు వ్రాసి తగిలించిరి. కావున మన గడ్డమీద పుట్టిన ఆటను మనము పరాయిదానిగా చూచుచున్నాము.

ఇక చుట్టరికము మాట. అప్పటి బంతులు ఏనుగు దంతముతో చేసెడివారు. ఒక దంతమునుండి మూడు నాలుగు, మహా అయిన ఐదు మంచి బంతులు వచ్చును. దంతము నడుమ ఒక సన్నని నరపు రంధ్రముండును; అది బంతికి సరిగా నట్టనడుమ పడకున్నచో బంతి వంకరగా దొర్లును. ఆఫ్రికాలోని ఆడ ఏనుగు దంతమున ఆ నరము తిన్నగా నుండునట. అందుచేత శ్రేష్ఠమైన బంతులకు ఆడ ఏనుగులనే వెదకి చంపెడివారు. ఏనుగుల మందకు పెద్దదిక్కు ముదుసలి ఆడ ఏనుగేయని ఎరిగినవారికి ఈ మాట ఎంత కష్టముగా నుండునో చెప్పనక్కరలేదు. గజేంద్రుని మొర విన్న దేవుడున్నాడు. ఈ తల్లి ఏనుగుల మొర విన్నవాడు మాత్రము ఒక వ్యాపారి. అదియు జాలితో కాదు, దంతము కరవై ధర పెరిగి.

1860 దశకమున అమెరికాలో బిలియర్డు బల్లలు చేయు ఫెలాన్, కొలెండర్ కంపెనీవారు దంతమునకు బదులు వస్తువు కనిపెట్టినవారికి 10,000 డాలర్లు ఇత్తుమని ప్రకటించిరి. ఆల్బనీ అను ఊరిలో జాన్ వెస్లీ హయత్ అను అచ్చుపనివాడు ఆ పనికి పూనుకొనెను. దూదిని గాఢమైన ఆమ్లములలో నానబెట్టి, దానికి కర్పూరము చేర్చి, వేడిమితోను ఒత్తుడుతోను అచ్చుపోసి 1870లో పేటెంటు పొందెను. దానికే సెల్యులాయిడు అని పేరు. దూదియు కర్పూరమును! మనము వత్తి చేసి వెలిగించు దూది, హారతి పళ్లెములోని కర్పూరము. అమరకోశమున ఘనసారమనియు హిమవాలుకమనియు మేము బాల్యమున వల్లించినది ఈ వస్తువునే. ఆ రెంటిని కలుపుటకు స్పిరిటు కూడ వలయునట; చెరుకు మడ్డినుండి స్పిరిటు తీయుట శక్కర్‌నగరువారికి తెలియని విద్య కాదు.

ఆ తొలి బంతులు సాధువులు కావు. దూదిని ఆమ్లమున నానవేసి చేసినది మందుగుండునకు సోదరి. బంతులు గట్టిగా తాకినప్పుడు ఒక్కొక్కసారి టపాకాయవలె పేలెడివట. కొలరాడోలో ఒక పానశాల యజమాని హయత్తునకు జాబు వ్రాసెనట: బంతి పేలుట తనకు బాధ లేదు గాని, పేలినప్పుడెల్ల గదిలోని ప్రతి మగవాడును తుపాకి పైకి తీయుచున్నాడు, అని. ఈ కథను హయత్తే చెప్పుకొని నవ్వెడివాడు.

బంతులకంటె దువ్వెనలకు, బొమ్మలకు, చొక్కా కాలర్లకు ఆ సెల్యులాయిడు ఎక్కువ పనికివచ్చెను. తరువాత దానిని పలుచని పట్టీగా చేయవచ్చునని హానిబాల్ గుడ్విన్ అను పాదిరి 1887లో దరఖాస్తు పెట్టెను. 1889లో ఈస్ట్‌మన్ కంపెనీవారు అట్టి పట్టీ చుట్టలను అమ్మజొచ్చిరి. ఆ పట్టీయే సినీమా ఫిల్ము. అనగా బిలియర్డు బంతికొరకు కనిపెట్టిన వస్తువు మీదనే సినీమా బొమ్మలన్నియు పడినవి. అక్కయు చెల్లెలును ఒక్క కర్పూరపు గర్భమున పుట్టిరి.

ఇంతకంటె వింత మరియొకటి కలదు. లూమియేర్ సోదరులు పారిసు నగరమున డబ్బు పుచ్చుకొని జనులకు తొలిసారి చలనచిత్రములు చూపినది 1895 డిసెంబరు 28న. చోటు గ్రాండ్ కఫే అను కాఫీ హోటలు క్రింది నేలమాళిగ. ఆ మాళిగ అంతకుముందు బిలియర్డ్సు ఆడు గది! దానికి ‘ఇండియా గది’ యని పేరు. తల కొక ఫ్రాంకు చొప్పున ఆ సాయంకాలము వచ్చినవారు 33 మంది. బల్లలు తీసి కుర్చీలు వేసిన ఆ గదిలోనే సినీమా కండ్లు తెరచినదనుకొనిన, క్లబ్బు గోడ వెలుపల నిలిచి చప్పుడు విన్న మావంటివారికి లోలోపల నవ్వు రాకమానదు. మరుసటి యేట 1896 జూలై 7న అదే యంత్రము బొంబాయి వాట్సన్ హోటలునకు వచ్చెను. ఆ నెలలోనే నావెల్టీ నాటకశాలలో ఆడించునప్పుడు ఘోషా స్త్రీలకు వేరు పెట్టెలు కట్టించితిమని ప్రకటించిరి. ఆటగది తలుపు తీయని లోకము తెరముందు మాత్రము మనకు చోటు చూపినది.

కాని ఆ తొలి దినములలో బిలియర్డ్సును ఫిల్ముమీదికి ఎక్కించుట సులభము కాదు. లూమియేరులు తమవారు తోటలో కూర్చుండి పేక ఆడుచుండగా 1896లో ఒక బొమ్మ తీసిరి. పేకకు ఎండ చాలును. బిలియర్డ్సు దీపముల క్రింది ఆట. అప్పటి ఫిల్ము మందకొడి. సూర్యునివంటి వెలుగున్నగాని దానిపై బొమ్మ నిలువదు. 1893లో ఎడిసన్ కట్టించిన తొలి స్టూడియోకు పైకప్పు తెరచుకొనును. సూర్యుని వెంట ఇల్లే తిరుగును. మెలియేస్ అను గారడీవాడు 1897లో అద్దాల మేడయే కట్టుకొనెను. వెలుగు సమకూడినను మరియొక చిక్కు. ఆ ఫిల్మునకు ఎరుపు కనబడదు. కుంకుమబొట్టు కాటుకవలె నల్లగా పడును, ఎర్రబంతియు అట్లే. కెమెరాను మనిషి ఛాతి ఎత్తున నిలిపినచో బల్లమీది బంతులు ఒకదాని చాటున ఒకటి దాగికొనును. చేతితో త్రిప్పు కెమెరాలో సెకనుకు 16 బొమ్మలు మాత్రమే పడును. వానిని నేటి వేగమున త్రిప్పినచో దొరలందరు చీమలు కుట్టినట్లు గంతులిడుదురు. ఇన్ని అడ్డులు దాటి వచ్చిన బొమ్మలను చూచునప్పుడు, ఇది ఆటయా, ఆటయొక్క నీడయా అని మాకు తోచుచుండును.

మేము చూచినవానిలో మిక్కిలి వినోదమైనది 1915 నాటి ‘పూల్ షార్క్స్’ అను పొట్టి మూగచిత్రము. డబ్ల్యు. సి. ఫీల్డ్స్ అను హాస్యనటునికి అది మొదటి చిత్రము. ఇద్దరు మగవారు ఒక పిల్లకొరకు పోటీపడి, ఎవరు గొప్పయో తేల్చుకొనుటకు బిలియర్డ్సు జాతిదైన పూల్ అను ఆటకు దిగుదురు. ఫీల్డ్సు నాటకశాలలలో బంతుల గారడీ చేసిన ఘనుడు; వంకర కర్రతో బిలియర్డ్సు ఆడి జనులను నవ్వించినవాడు. అట్టివాని చేతిపనిని ఉన్నదున్నట్లు చూపక, బంతులను కొంచెము కొంచెము జరుపుచు ఒక్కొక్క బొమ్మయే తీసి అతికించిరి. అందుచేత బంతులు తమంత తామే నడచి వరుసలు కట్టును. చుక్కకు చుక్క కలిపి ముగ్గు పెట్టినట్టిదే ఆ పని. పిల్లలు విరగబడి నవ్వుదురు. మాకు మాత్రము కొంత వెలితిగా తోచినది. నిజమైన నేర్పుగలవాడు ఎదుట నిలువగా గారడీ ఏల? ఆయన చేతి ఆటను చూడగోరువారు 1934 నాటి ‘సిక్స్ ఆఫ్ ఎ కైండ్’ వరకు ఆగవలెను. ఆ పిల్ల మాట? ఆమెకొరకే ఆట; ఆమె చేతికి మాత్రము కర్ర ఈయలేదు.

1924లో బస్టర్ కీటన్ తీసిన ‘షెర్లాక్ జూనియర్’ వేరు తీరు. అందులో సినీమా యంత్రము త్రిప్పు కుర్రవాడొకడు నిద్రపోయి, కలలో తెరలోనికే నడచిపోవును. అచట దుర్మార్గులు పదమూడవ అంకె బంతికి బదులు ప్రేలుడు బంతి నుంచి వానిని ఆటకు పిలుతురు. కీటన్ ఏమియు ఎరుగనట్లు బల్లచుట్టు తిరుగుచు, ఆ యొక్క బంతిని తాకకుండ తక్కినవన్నియు సంచులలో వేయును. దుర్మార్గులు తలుపుచాటున చెవులు మూసికొని వణకుచుందురు. అతని ముఖమున నవ్వు లేదు, భయము లేదు. మన నాటకములలో ధర్మరాజు వేషగాడు నేర్చుకొనదగిన ముఖమది. చూచువారిలో ఎందరికి తెలియునో గాని, హయత్తు తొలి బంతులు నిజముగానే పేలినవి. ఆ హాస్యమున అంత పాత నిజము దాగియున్నది.

కథలు కాని బొమ్మలును కలవు. కోడిపుంజు గుర్తుగల పాథే వార్తాచిత్రములవారు తమ పాతబొమ్మలు 85,000 వరకు 2014లో అందరును చూచునట్లు విడిచిపెట్టిరి. అందు బిలియర్డ్సువారును కనబడుదురు. ఆస్ట్రేలియావాడైన వాల్టర్ లిండ్రమ్ 1932 జనవరిలో లండనులో ఒక్క విడతలోనే 4,137 పాయింట్లు చేసెను. ఎదుటివాడు కుర్చీలో కూర్చుండి చూచుటయే తప్ప చేయునది లేదు. లిండ్రమ్ చేతిలో మూడు బంతులును బల్ల అంచువెంట, తల్లిబాతు వెంట పిల్లలవలె, ఒకదాని నొకటి ముద్దిడుచు అంగుళము అంగుళముగా సాగిపోవును. కొట్టినట్లే ఉండదు, పసిపిల్లను జోకొట్టినట్లుండును. ఈ నేర్పునకు తాళలేక ఆ యేడే ఆట నియమమును మార్చిరి! నేర్పు ముదిరినచోట నియమము మార్చుట లోకమంతట ఉన్నదే.

స్నూకరు మాత్రము చాలకాలము తెరకు లొంగలేదు. రంగులే ఆ ఆటకు ప్రాణము. నలుపు తెలుపు బొమ్మలో ఆకుపచ్చయేది, గోధుమరంగేది? ఇంగ్లండున రంగుల టెలివిజను వచ్చిన పిమ్మట, 1969లో, రంగు చూపుటకు చౌకయైన ఆట యేదని వెదకి బి. బి. సి. వారు ‘పాట్ బ్లాక్’ అను స్నూకరు కార్యక్రమమును ఆరంభించిరి. నాటినుండి స్నూకరు అక్కను దాటిపోయెను.

మరి మన తెలుగువారి మూగచిత్రములెన్ని మిగిలినవి? రఘుపతి వెంకయ్యగారును వారి కుమారుడు ప్రకాశుగారును 1920ల తొలినాళ్లలో ‘భీష్మప్రతిజ్ఞ’ తీసిరి, నేడది దొరకదు. కర్పూరము హారతి పళ్లెమున ఎట్లు కరగిపోవునో ఫిల్మును అట్లే పోవును. అంటుకొనినచో నీటితో ఆరదు. అంటుకొనకున్నను ఏండ్లు గడచిన కొలది జిగటయై పొడియగును. 1897 మే 4న పారిసులో ఒక ధర్మకార్యపు సంతలో సినీమా యంత్రపు దీపమున ఈథరు పోయుచుండగా మంటలు లేచి 126 మంది మరణించిరి; వారిలో అధికులు స్త్రీలే. మన పూనాలో 2003 జనవరిలో పాత ఫిల్ముల గిడ్డంగి కాలి ఎన్నియో చుట్టలు బూడిదయైనవి. బోధను క్లబ్బు బల్లను ఎవ్వరును ఎన్నడును బొమ్మ తీసియుండరు. మా మేనమామగారి మాటలే దానికి ఫిల్ము; వారును పోయి ఆరేండ్లయినది.

ఇప్పుడు ఇంటి తగవు. మా పెద్దపిల్లకు పదునాలుగేండ్లు. మాతోపాటు ఈ పాతబొమ్మలు చూచి చూచి, తానును ఆ కర్ర పట్టెదనని పట్టుపట్టినది. నిజామాబాదులో స్నూకరు బల్లలున్న గది యొకటి మా వీధికి రెండు వీధుల కావల నున్నది. సంగతి విని మా అత్తగారు తులసికోటయొద్ద ప్రదక్షిణము ఆపి, “ఆడపిల్లకు గా ఆటెందుకే? గాడ మొగపోరగాండ్లు సిగరెట్లు తాగుకుంట పైసలు పెట్టి ఆడుతరంట” అని కోపపడినారు. మా వారు ఎటును చెప్పలేదు. వారు గణితము చెప్పు ఉపాధ్యాయులు. బంతి అంచునకు తగిలిన కోణమును మరలిపోవు కోణమును సమానమని పలకమీద గీసి చూపి, పిల్ల ఉత్సాహమును ఇంకను పెంచినారే గాని తీర్పు చెప్పలేదు.

అత్తగారి మాటలో పస లేదని మేము చెప్పము. ఆటలో పందెము చొచ్చినచో ఏమగునో మాకు బడి నేర్పలేదు, తాతగారి భారతము నేర్పినది. నలుడు జూదమాడుచుండగా దమయంతి పౌరులు వచ్చిరని, మంత్రులు వచ్చిరని కబురు మీద కబురు పంపినది. ఆయన తల ఎత్తలేదు. అప్పుడామె ఏడ్చుచు కూర్చుండక సారథిని పిలిచి బిడ్డలను పుట్టింటికి పంపివేసినది. ఆటగది లోపల జరుగునది ఆపలేని స్త్రీ వెలుపల చేయగలిగినది అంతే. కాని అదే నలుడు తరువాత ఋతుపర్ణునియొద్ద అక్షహృదయము నేర్చెను; చెట్టు ఆకులను కాయలను చూచి లెక్క చెప్పు విద్యతో కూడినది అది. నేర్చిన తరువాత ఓడలేదు. పాచిక ఎట్లు పడునో తెలియనివానికి జూదము. లెక్క తెలిసినవానికి విద్య. బిలియర్డ్సులో పాచిక లేనేలేదు. బంతి నీవు పంపినచోటికే పోవును. తప్పినచో నీ చేయి తప్పినది, శకుని లేడు.

ఇక ఆడపిల్ల మాట. షేక్స్పియరు తన నాటకమున క్లియోపాత్రా రాణిచేత చెలికత్తెను బిలియర్డ్సుకు పిలిపించినాడు. ఆ రాణి కాలమున ఆ ఆట లేదని పండితులు నవ్వుదురు, నవ్వనిండు. 1930ల ఇంగ్లండులో జాయిస్ గార్డ్‌నర్, రూత్ హారిసన్ అను స్త్రీలు వృత్తిగా ఈ ఆట ఆడి ఛాంపియనులైరి. మన దేశమున విల్సన్ జోన్స్ 1958లో కలకత్తాలో బిలియర్డ్సు ప్రపంచ విజేతయైనాడు. ఒంటరిగా ఆడు ఆటలలో ప్రపంచ విజేతయైన తొలి భారతీయుడతడే. స్త్రీలలో బెంగుళూరి ఉమాదేవిగారు 2012లో బిలియర్డ్సు ప్రపంచ విజేతయైనారు. ఆమె ప్రభుత్వోద్యోగిని, జిల్లా కచ్చేరీలలో మనము చూచు ఉద్యోగినులవంటి గృహిణియే. ఈ మాట అత్తగారికి చెప్పినప్పుడు, “ఉద్యోగం జేస్కుంట గెలిచిందా?” అని ఒక్కసారి మా వైపు చూచి మరల తులసికోట తిరిగినారు.

మేము మా వారితో కూడ ఒకనాటి ఉదయము ఆ గదికి పోయి చూచితిమి. మెట్లెక్కగా చిన్న హాలు, రెండు బల్లలు, గోడమీద ధరల పట్టిక. బనాతు ఒకచోట చిరిగి కుట్టబడియున్నది. కుట్టు చక్కగా లేదు. సిగరెట్టు వాసన ఉన్నమాట నిజము. పందెములాడుదురా యని మా వారు సూటిగా అడిగిరి. నడుపునతడు ముప్పదేండ్లవాడు, దాచక, “రాత్రిళ్లు కొందరు ఆడుతరు సార్, పగలు ఆడనియ్య” అనినాడు. దాచకుండుట మాకు నచ్చినది. తరువాత మా వైపు తిరిగి, “అమ్మా, పాపను పొద్దున పది గంటలకు తీసుకరాండ్రి, అప్పుడు ఎవ్వరుండరు” అనెను.

ఇంటికి వచ్చి చెప్పగా పిల్ల సంతోషించునని తలచితిమి. అది కొంతసేపు ఊరకుండి, “ఎవ్వరు లేనప్పుడే ఎందుకమ్మా? ఎవరితోని ఆడాలె?” అని అడిగినది. దీనికి మాయొద్ద సిద్ధముగా బదులు లేకపోయెను. ఆలోచించి, అతని చెల్లెలి కూతురు గూడ ఆడ నేర్చుచున్నదని తెలిసికొని, ఆ పిల్లను ఈ పిల్లను కలిపి ఆదివారము పదకొండు గంటలకు, తక్కినవారు వచ్చు వేళకే, ఒక బల్ల అడిగితిమి. మేము ఆ ప్రక్కనే కుర్చీలో కూర్చుందుము. పొగ త్రాగువారు మెట్లమీదికి పోయి త్రాగవలెనని నిబంధన. అతడొప్పుకొనెను.

ఇప్పుడు ఇంటిలో సాధన సాగుచున్నది. చలువరాళ్ల నేలమీద రెండు రాళ్ల అతుకు గీత వెంట బంతిని తిన్నగా పంపవలెనట. అది కుదిరినగాని బల్లయొద్దకు పోరాదట. కర్రకు బదులు మా వారి నల్లబల్ల చూపుడుకోల. కొనకు రాయుటకు బడి సుద్దముక్క. ఈ సుద్ద అందుకు పనికిరాదనియు, 1897లో స్పింక్స్ అను ఆటగాడు ఇసుకజాతి పొడితో వేరుగా చేయించినదే నేటి క్యూ సుద్దయనియు మా వారు చెప్పిరి; పిల్ల వినలేదు, చేతులన్నియు తెల్లగా చేసికొని నేలంతయు పాడుచేసినది. తుడిచినది ఎవరో చెప్పనక్కరలేదు.

నిన్నటి రాత్రి దీపము తగ్గించిన తరువాత మా అత్తగారు మంచముమీదనుండి అడిగినారు: “గంటకెంత తీస్కుంటడట?” చెప్పితిమి. కొంతసేపటికి, నిద్రపోయిరనుకొనుచుండగా, మరల అనినారు: “రెండు గంటలైతే ఏమన్న తగ్గిస్తడేమో అడగరాదు.”